ముందు అక్షరం, తర్వాత సిస్టమ్: ఒక ప్రింటింగ్ ప్రెస్ లినక్స్‌కి మారిన తీరు

చిన్న ఆఫీసులకు, షాపులకు విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసిపెట్టి, ఆ తర్వాత వాటి బాగోగులు చూసుకోవడం నా పని. ఈ కేసు కృష్ణా జిల్లాలోని ఒక ప్రింటింగ్ ప్రెస్‌ది. పెళ్లికార్డులు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, దినకర్మ కార్డులు: మన వైపు ఏ ప్రెస్‌లోనైనా ఉండే పనే వాళ్లదీ. వివరంగా రాయడానికి కారణం ఉంది. తెలుగు డీటీపీ పని (కంప్యూటర్‌లో పేజీ కూర్చే పని) లినక్స్‌లో కుదరదని చాలామంది గట్టిగా నమ్ముతారు. కుదురుతుంది. కాకపోతే పని మొదలుపెట్టాల్సింది సిస్టమ్ దగ్గర కాదు, అక్షరం దగ్గర.

ప్రెస్ ఓనరు గారు నాకు ఫోన్ చేసింది 2025 వేసవిలో. అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోతుందని, వీళ్ల సిస్టమ్స్‌లో విండోస్ 11 ఎక్కదని, అన్నీ కొత్తవి కొనాలని ఎవరో చెప్పారట. చెప్పినదాంట్లో అబద్ధం లేదు. డీటీపీకి వాడే మూడు సిస్టమ్స్ నాలుగో తరం ఐ3 ప్రాసెసర్లు. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా అనుమతి, పైగా టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. "మూడూ బాగానే పనిచేస్తున్నాయి బాబూ, పారెయ్యమంటే ఎలా?" అన్నారాయన. ఆ మాట నాకు నచ్చింది. బాగా ఉన్న యంత్రాన్ని సాఫ్ట్‌వేర్ కారణంగా చెత్తలో వెయ్యడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

వెళ్లి చూస్తే

మొత్తం ఐదు సిస్టమ్స్. మూడు డీటీపీవి. నాలుగోదాంట్లో విండోస్ 7; దానికి స్టిక్కర్ కటింగ్ ప్లాటర్, ఒక చిన్న లేజర్ ప్రింటర్ తగిలించి ఉన్నాయి. ఐదోది ఓనరు గారి ల్యాప్‌టాప్, విండోస్ 11తోనే వచ్చింది, ట్యాలీ అందులోనే. ప్లాటర్ సాఫ్ట్‌వేర్, ట్యాలీ రెండూ విండోస్‌కే రాసినవి. ఆ రెండింట్లో విండోస్ తీయనని మొదటి రోజే చెప్పేశాను. అన్నీ మార్చేస్తేనే గెలిచినట్టు అనుకునే లినక్స్ అభిమానులు ఉంటారు. ప్రెస్‌కి కావలసింది మన గెలుపు కాదు, రేపు పొద్దున డెలివరీ ఇవ్వాల్సిన కార్డులు.

అసలు విషయమంతా మిగతా మూడింటిలో ఉంది. పేజీ కూర్చడానికి పేజ్‌మేకర్ 7, బొమ్మలకు కోరెల్‌డ్రా, తెలుగుకి అను ఫాంట్లు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత దానికి పెద్ద వెర్షన్ లేదు. అయినా తెలుగు ప్రెస్‌లలో ఇప్పటికీ నడుస్తోందంటే కారణం అలవాటు ఒక్కటే కాదు. ఏళ్ల తరబడి కొట్టిన మ్యాటర్ అంతా అందులో ఉంది.

ఆ మ్యాటర్ కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కోదానికి ఒక్కో నంబరు ఇచ్చే ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగుకి 1991 నుంచే చోటుంది, కానీ విండోస్‌లో తెలుగు సరిగ్గా కనిపించడానికి ఇంకా పదేళ్లు పట్టింది. ఈలోగా ప్రెస్‌లు ఆగలేవు కదా. అందుకని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండే స్థానాల్లో తెలుగు ఆకారాలు పెట్టి ఫాంట్లు తయారుచేశారు. ఆ రోజుల్లో అది తెలివైన పరిష్కారం. తెలుగు పత్రికలు, పుస్తకాలు దాని మీదే నడిచాయి. ఫాంట్ తీసేసి చూస్తే మాత్రం ఫైల్లో మిగిలేవి గుర్తులు, విదేశీ అక్షరాలు కలిసిన గజిబిజి. వెతకడానికి లేదు, వేరే ఫాంట్‌లోకి మార్చడానికి లేదు, ఇంకో ప్రోగ్రామ్‌లో అతికించడానికి లేదు.

దాని ఖర్చు ఎంతో నాకు అక్కడ కూర్చున్నాక అర్థమైంది. స్కూలు మాస్టారు ప్రశ్నపత్రం వాట్సాప్‌లో పంపారు, చక్కగా తెలుగులో టైప్ చేసి. ఆపరేటర్ అక్క ఫోన్ పక్కన పెట్టుకుని, చూస్తూ మళ్లీ మొత్తం కొట్టింది. ఆయన పంపింది యూనికోడ్, ఈమె వాడేది అను. అతికిస్తే ప్రశ్నార్థకాలో డబ్బాలో వస్తాయి. ఒకసారి టైపైన తెలుగును రెండోసారి టైప్ చేయడం, అందులో కొత్త తప్పులు దొర్లడం, వాటికి మళ్లీ ప్రూఫ్ చూడటం. ఇది రోజూ జరుగుతున్నదే.

అక్కడే నా ప్లాన్ మారింది. లినక్స్ వెయ్యడం వాయిదా. ముందు ఇదే విండోస్‌లో యూనికోడ్‌కి మారాలి. పేజీకి స్క్రైబస్, బొమ్మలకు ఇంక్‌స్కేప్, ఆఫీసు పనికి లిబ్రేఆఫీస్: ఈ ఉచిత ప్రోగ్రాములు మూడూ విండోస్‌లోనూ నడుస్తాయి. మనుషులు వాటికి అలవాటుపడ్డాక కింద ఆపరేటింగ్ సిస్టమ్ మార్చినా పెద్దగా తేడా తెలియదు. రెండూ ఒకేసారి మారిస్తే మాత్రం ప్రతి ఇబ్బందికీ "ఈ లినక్స్ వల్లే" అంటారు, వాళ్లని తప్పుపట్టలేం.

కీబోర్డు

అన్నిటికన్నా ముందు అక్క అడిగింది ఇదే. "అన్నా, మళ్లీ కొత్త కీబోర్డు నేర్చుకోవాలా?" పద్దెనిమిదేళ్లుగా ఆమె యాపిల్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్‌లో కొడుతోంది. స్క్రీన్ వంక కూడా చూడదు. ఆ వేగమే ఆమె జీతం. ఇన్‌స్క్రిప్ట్ ప్రభుత్వ ప్రమాణం, నాకు ఇష్టమే, కానీ ఆమెను దానికి మార్చమని అడిగే హక్కు నాకు లేదు.

లినక్స్‌లో టైపింగ్ చూసుకునే ఐబస్‌కి ఎం17ఎన్ అనే లైబ్రరీ తోడుంటే తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు యాపిల్, ఆర్‌టీఎస్, పోతన లాంటి లేఅవుట్లు వస్తాయి. నా ల్యాప్‌టాప్‌లో యాపిల్ పెట్టి ఆమె ముందు ఉంచాను. మూడొంతులు వేళ్లకు తగ్గట్టే వచ్చింది. తేడా వచ్చింది వత్తుల దగ్గర, పొల్లుల దగ్గర. పాత పద్ధతిలో వత్తు ఒక విడి ఆకారం, ఎక్కడ కావాలంటే అక్కడ తగిలించొచ్చు. యూనికోడ్‌లో హల్లు, పొల్లు, మళ్లీ హల్లు వరుసగా వస్తే ఫాంటే దాన్ని వత్తు చేస్తుంది.

దీంతో పేర్ల దగ్గర ఒక చిక్కుంది. పెళ్లికార్డులో "రామ్‌కుమార్" అని రావాలి. నేరుగా కొడితే మకారానికి కవత్తు తగులుకుని "రామ్కుమార్" అవుతుంది. రెండింటి మధ్య కంటికి కనపడని ఒక గుర్తు పెట్టాలి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. సాఫ్ట్‌వేర్, ఎన్‌టీఆర్, రాజ్‌కుమార్ అన్నిటికీ ఇదే సంగతి. పెళ్లికొడుకు పేరు తప్పు పడితే కార్డులన్నీ మళ్లీ వెయ్యాలి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఆ గుర్తు ఆమె కుడి చిటికెన వేలికి అందే కీ మీద కావాలంది.

నేను ఓపెన్ సోర్స్‌ని, అంటే లోపలి కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్‌ని, ఎందుకు ఇంతగా ఇష్టపడతానో చెప్పమంటే ఇక్కడ జరిగింది చెబుతాను. ఎం17ఎన్ లేఅవుట్ ఒక మామూలు టెక్స్ట్ ఫైల్. ఏ కీ నొక్కితే ఏ అక్షరమో అందులో వరుసగా రాసి ఉంటుంది. దాన్ని ఆమె హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని, ఒక వరుస కలిపి, రూపాయి గుర్తుకి ఇంకో వరుస కలిపి, ఐబస్‌ను మళ్లీ మొదలుపెట్టాను. ఆమె టీ తాగి వచ్చేసరికి కీబోర్డు ఆమెకు తగ్గట్టు తయారైంది. ఏ కంపెనీకీ మెయిల్ పెట్టలేదు, కొత్త వెర్షన్ కోసం ఎదురుచూడలేదు. ఒక చిన్న ఊరి ప్రెస్‌లో పనిచేసే మనిషి తన పనిముట్టును తన చేతికి సరిపడా సరిచేయించుకోగలిగింది.

ఈ లేఅవుట్ ఫైలు విండోస్‌లో పనిచేయదు. అందువల్ల ఆమె సిస్టమ్ ఒక్కటి అనుకున్నదానికన్నా ముందే లినక్స్‌కి మారింది, అదీ ఆమె అడిగిమరీ. మిగతా ఇద్దరు ఆపరేటర్లు కుర్రాళ్లు. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటు వాళ్లది. వాళ్లకి ఆర్‌టీఎస్ సరిపోయింది.

పాత మ్యాటర్

ఏళ్ల నాటి ఫైళ్లన్నీ యూనికోడ్‌లోకి మార్చాలని ఓనరు గారి కోరిక. వద్దన్నాను. ప్రెస్‌లో మళ్లీ మళ్లీ వాడే మ్యాటర్ ఎంతో లెక్క తీయమన్నాను. శుభలేఖల వాచకాలు, గృహప్రవేశం, ఓణీల వేడుక, దినకర్మ, గుడి కరపత్రాలు, రసీదులు, స్కూళ్ల పాత ప్రశ్నపత్రాలు. ఒక ఫోల్డర్‌లో పట్టేసింది. మిగతాది ఎవరైనా అడిగినప్పుడు చూసుకోవచ్చు.

మార్చడం పైకి సులువుగా కనిపిస్తుంది: ఈ గుర్తుకి ఈ అక్షరం అని పట్టిక రాసుకుని మార్చేయడమే కదా అని. పట్టిక సగం పనే చేస్తుంది. పాత ఫాంట్లలో మ, య లాంటి కొన్ని అక్షరాలు రెండు ముక్కలుగా ఉంటాయి. మొదటి ముక్క ఇంకో అక్షరానికీ చెందుతుంది. అందుకని పొడవైన జోడీలను ముందు మార్చి, విడి గుర్తులను తర్వాత మార్చాలి. క్రావడి ఇంకో చిక్కు. "ప్రసాద్" అన్నప్పుడు ఆ రవత్తు అక్షరాన్ని ఎడమవైపు నుంచి చుడుతుంది కాబట్టి పాత ఫైల్లో అది పకారం కన్నా ముందే నిల్వ ఉంటుంది. యూనికోడ్‌లో పకారం తర్వాత రావాలి. అంటే మార్చాక వరుస కూడా తిప్పాలి. వత్తుకి ముందో తర్వాతో గుణింతం గుర్తు ఉంటే దాన్నీ సర్దాలి. విడిగా కనిపించే పొల్లు పక్కన హల్లు వస్తే, ఇందాక చెప్పిన కనపడని గుర్తు మధ్యలో చేర్చాలి, లేకపోతే లేని వత్తులు పుడతాయి.

ఈ దారి మనకు కొత్త కాదు. తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కోటి ఒక్కో ఫాంట్ వాడే రోజుల్లో పద్మ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ ఇదే పని బ్రౌజర్‌లో చేసిపెట్టేది. దాని సోర్స్ అందరికీ అందుబాటులో ఉండటం వల్ల ఎంతోమంది అందులోంచి నేర్చుకున్నారు, నేనూ వాళ్లలో ఒకణ్ని. ఈ ప్రెస్ కోసం పైథాన్ భాషలో చిన్న ప్రోగ్రామ్ (స్క్రిప్ట్) రాశాను. పేజ్‌మేకర్ నుంచి టెక్స్ట్ ఎగుమతి చేసి దానికి ఇవ్వడం, వచ్చింది పాత ప్రింటుతో పోల్చి చూడటం. పోల్చడం మాత్రం మనిషే చేయాలి. "లక్ష్మి", "జ్యోత్స్న", "స్వాతంత్ర్యం" లాంటి మూడేసి హల్లుల మాటలు, అంకెలు, ఫోన్ నంబర్లు, కోట్ గుర్తులు ప్రతిసారీ చూసుకోవాల్సినవి. అంకెల మీద నేను మరీ పట్టుబడతాను. అక్షరం తప్పు పడితే చదివేవాడు అర్థం చేసుకుంటాడు, ముహూర్తం టైము తప్పు పడితే దిద్దుకోలేం.

పేజీ డిజైన్‌తో సహా పాత ఫైలు కావాలంటే లిబ్రేఆఫీస్ డ్రా పేజ్‌మేకర్ ఫైళ్లను తెరుస్తుంది. సాదా పేజీలు బాగానే వస్తాయి, క్లిష్టమైనవి చెదురుతాయి. వాటి కోసం పేజ్‌మేకర్‌ని ఆ విండోస్ 7 సిస్టమ్‌లో ఉంచాం.

పేజీ, రంగు, ప్లేటు

స్క్రైబస్‌లో తెలుగు సరిగా రాదన్న మాట ఇప్పటికీ వింటుంటాను. 1.4 వెర్షన్ నాటికి అది నిజమే. వత్తులు విడిపోయి పక్కన పడేవి. 1.5 వరుసలో తెలుగు లాంటి లిపులను కూర్చే హార్ఫ్‌బజ్ చేరాక అక్షరాలు కలిసి కూర్చోవడం మొదలైంది. 2024లో వచ్చిన 1.6తో పని నిశ్చింతగా చేసుకోవచ్చు. ఇంక్‌స్కేప్‌లో మొదటినుంచీ తెలుగు బాగానే వస్తుంది. కార్డు మీద అలంకారం అందులో గీసి, పేజీ స్క్రైబస్‌లో పెట్టడం వీళ్ల పద్ధతి అయింది.

పెద్ద చర్చ జరిగింది నలుపు గురించి. ఆఫ్‌సెట్ ప్రింటింగ్‌కి రంగుకి ఒకటి చొప్పున కావలసిన ప్లేట్లు వీళ్లు విజయవాడలో తీయిస్తారు. ఇంక్‌స్కేప్ పనిచేసేది ఆర్‌జీబీలో, అంటే స్క్రీన్ రంగుల్లో. అందులో నల్లగా ఉన్న అక్షరాలను ప్రింటింగ్ సిరాల సీఎంవైకేలోకి (నీలం, గులాబీ, పసుపు, నలుపు) మార్చితే నాలుగు రంగులూ కలిసిన నలుపు అవుతుంది. నాలుగు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పడే తీరు (రిజిస్ట్రేషన్) వెంట్రుకవాసి కదిలినా చిన్న అక్షరాల అంచుల్లో ఎర్రగానో నీలంగానో నీడ కనిపిస్తుంది. తెలుగు వత్తులకు అది మరీ ప్రమాదం, సందులు పూడుకుపోతాయి. అందుకని నియమం పెట్టుకున్నాం: చదవాల్సిన అక్షరం ఏదైనా స్క్రైబస్‌లోనే కొట్టాలి, దానికి కె (నల్ల సిరా) ఒక్కటే నూరు శాతం ఉన్న నలుపే ఇవ్వాలి. ఇంక్‌స్కేప్ నుంచి బొమ్మ మాత్రమే రావాలి. పంపే ముందు స్క్రైబస్ ప్రింట్ ప్రివ్యూలో సీ, ఎం, వై మూడూ ఆపేసి చూస్తే అక్షరాలన్నీ నలుపు ప్లేటు మీదే ఉన్నాయో లేదో తెలిసిపోతుంది.

ప్లేట్ల వాళ్లకి ఇంతకుముందు పేజ్‌మేకర్ ఫైలు, దాంతో ఫాంట్లు పంపేవారు. అక్కడ ఫాంట్ వెర్షన్ తేడా వస్తే మ్యాటర్ చెదిరేది. ఇప్పుడు ఫాంట్లు లోపలే ఉన్న పీడీఎఫ్ వెళుతుంది.

ఫాంట్ల సంగతి దాచకుండా చెప్పాలి. సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన తెలుగు యూనికోడ్ ఫాంట్లు మనకు పెద్ద ఆస్తి. మండలి, ఎన్‌టీఆర్ వాచకానికి, రామభద్ర శీర్షికలకు, పెద్దన, సూరన్న, ధూర్జటి కార్డులకు. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కాబట్టి ప్రెస్‌లో అన్ని సిస్టమ్స్‌లో వేసుకోవచ్చు, పీడీఎఫ్‌లో పెట్టొచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. పోతన, వేమన ఫాంట్లు డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాల ప్యాకేజీల్లోనే ఉన్నాయి. కానీ వీటిలో చాలావాటికి ఒకే మందం. బోల్డ్ విడిగా లేదు. స్క్రైబస్ దొంగ బోల్డ్ తయారుచేయదు, అది మంచిదే, ఎందుకంటే దొంగ బోల్డ్‌లో తెలుగు ముద్దగా పడుతుంది. కరపత్రంలో నాలుగు రకాల మందాలు వాడే అలవాటున్న కుర్రాళ్లకి ఇది నిజమైన లోటు. పాత పెళ్లికార్డుల వంపుల అక్షరాలే కావాలని పట్టుబట్టే కస్టమర్లు కూడా ఉన్నారు. వాళ్ల పని ఇప్పటికీ విండోస్ 7 సిస్టమ్ మీదే జరుగుతుంది.

సిస్టమ్ మార్చిన వారం

మిగతా రెండింటిని మార్చడానికి ఆషాఢం ఎంచుకున్నాం. పెళ్లిళ్లు ఉండవు, ప్రెస్‌లో ఊపిరి పీల్చుకునే సమయం అదొక్కటే. శ్రావణం వచ్చేలోగా చేతులు అలవాటుపడాలి. అప్పటికే స్క్రైబస్‌లో పని నడుస్తోంది కాబట్టి చెప్పుకోదగ్గ కథేమీ లేదు. పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేశాం, ర్యామ్ 8 జీబీ చేశాం, పాత సిస్టమ్స్‌కి తేలికగా ఉండే లినక్స్ రకం, లినక్స్ మింట్ 22 ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎక్కించాం. ఉబుంటు 24.04 మీద కట్టినది, 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. మెనూలు తెలుగులో పెట్టి చూపించాను. ఫైల్, సేవ్, ప్రింట్ అలవాటైపోయాయని, ఇంగ్లీషే ఉంచమని ముగ్గురూ అన్నారు. ఉంచాను.

పాత హార్డ్‌డిస్క్‌లను తుడిచేయలేదు. పేరు రాసి ఓనరు గారి బీరువాలో పెట్టించాను. ఇది నేను ప్రతి చోటా చేయించే పని. వెనక్కి వెళ్లే దారి ఉందని తెలిస్తే మనుషులకు టెన్షన్ ఉండదు, టెన్షన్ లేకపోతే త్వరగా నేర్చుకుంటారు.

ఇంక్‌జెట్ ప్రింటర్ ఏ డ్రైవరూ లేకుండా నెట్‌వర్క్ మీద దానంతటదే దొరికింది. చిన్న లేజర్ ప్రింటర్ దొరకలేదు. ఇలాంటి చవక లేజర్లలో కొన్ని పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ లాంటి మామూలు ప్రింటర్ భాషలు అర్థం చేసుకోవు. పేజీ తయారుచేసే పనంతా కంప్యూటర్ మీదకి తోస్తాయి, ఆ భాష తయారీదారుకే తెలుసు. గంటలు గంటలు దాంతో కుస్తీ పట్టడం కన్నా, అది ఉన్నచోటే ఉంచి, ప్రూఫ్ పీడీఎఫ్‌లు షేర్డ్ ఫోల్డర్‌లో వేసి ఆ సిస్టమ్ నుంచి ప్రింట్ తీసుకోమన్నాను. ఆ విండోస్ 7 సిస్టమ్‌కి ఇంటర్నెట్ పూర్తిగా ఆపేశాం. లోపల నెట్‌వర్క్ మాత్రమే. కొత్త ప్రింటర్ కొనేటప్పుడు డబ్బా మీద పోస్ట్‌స్క్రిప్ట్ లేదా ఎయిర్‌ప్రింట్ అని ఉందో లేదో చూసుకోమని ఓనరు గారికి రాసి ఇచ్చాను.

కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు ఇప్పుడు లినక్స్ సిస్టమ్‌లోనే పెడుతున్నారు. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే వైరస్ ఇక్కడ నడవదు, దాచేసిన అసలు ఫైళ్లు కళ్లముందే కనిపిస్తాయి. అయితే ఆ చెత్త ఫైళ్లను షేర్డ్ ఫోల్డర్‌లోకి లాగితే విండోస్ సిస్టమ్‌కి అంటుకుంటుంది. అందుకని కావలసిన ఫైలు మాత్రమే కాపీ చేయాలని గట్టిగా చెప్పాను. బ్యాకప్ ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌తో రోజూ రాత్రి ఒక బయటి డిస్క్‌కి వెళుతుంది.

డబ్బు, ప్రశ్నలు

ఓనరు గారు ఒక మంచి ప్రశ్న వేశారు. "ఫ్రీగా ఇచ్చేవాళ్లు రేపు మానేస్తే మాకు దిక్కెవరు?" నేను చెప్పిన సమాధానం ఇది. సాఫ్ట్‌వేర్‌కి డబ్బు కట్టరు, కానీ నా పనికి కడతారు. ఎస్ఎస్‌డీకి, ర్యామ్‌కి కట్టారు. ఖర్చు లేదని నేను ఎవరికీ చెప్పను. నేను రాకపోతే ఇంకెవరైనా లినక్స్ తెలిసినవాళ్లు వచ్చి చూడగలరు, ఎందుకంటే దాచిపెట్టింది ఏమీ లేదు. మీ మ్యాటర్ యూనికోడ్‌లో ఉంది. రేపు లినక్స్ వద్దనుకుని మళ్లీ విండోస్‌కో మ్యాక్‌కో వెళ్లినా ఒక్క అక్షరం కూడా మళ్లీ కొట్టక్కర్లేదు. ఈ చివరి మాట ఆయనకి బాగా పట్టింది.

ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చిన మ్యాటర్ బ్రౌజర్‌లో తెరిచి, కాపీ చేసి, స్క్రైబస్‌లో అతికిస్తారు. ఆ తర్వాత ఇంకో ఉపయోగం అక్కే కనిపెట్టింది. పాత కస్టమర్ వచ్చి "రెండేళ్ల క్రితం మా అబ్బాయి పెళ్లికి వేసిన మ్యాటరే కావాలి" అంటే ఇంతకుముందు తేదీని బట్టి ఫోల్డర్లు తిరగేసేది. ఇప్పుడు మార్చిన మ్యాటర్‌లో ఇంటిపేరు కొట్టి వెతుకుతుంది. స్క్రైబస్ ఫైలు కూడా లోపల టెక్స్టే కాబట్టి గ్రెప్ అనే వెతికే ప్రోగ్రామ్‌కి దొరుకుతుంది. ఆమె కోసం ఒక చిన్న వెతుకులాట బటన్ డెస్క్‌టాప్ మీద పెట్టాను.

మిగిలినవి ఇంకా ఉన్నాయి. పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేస్తే వత్తులు చెదురుతున్నాయి, కాబట్టి ప్రతి జాబ్‌కీ స్క్రైబస్ ఫైలు కూడా దాచాల్సిందే. కుర్రాళ్లలో ఒకడు కరపత్రాలకు ఇరుకైన తెలుగు ఫాంట్ కావాలని అడుగుతున్నాడు, వెతుకుతున్నాను. స్క్రిప్ట్‌లో పాత ఫాంట్ల మరో రెండు రకాల పట్టికలు పూర్తిచేయాలి, అందులో ఒకటి స్కూలు ప్రశ్నపత్రాలది. దాన్ని అర్ధ సంవత్సర పరీక్షల పని మొదలయ్యేలోగా ఇస్తానని చెప్పాను.